తడవని సూటు

ఆ రోజు జానకిరామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి భార్య రమ్యశ్రీ తమ నర్సరీ నీటిగుంటలో దిగాలి, ఆరుంపావుకి ఎక్కాలి, పనివాళ్ళు వచ్చేసరికి ఇద్దరూ ఇంట్లో కాఫీ తాగుతూ ఉండాలి. కడియంలో ఎవరికీ ఏమీ తెలియకూడదు.

తెలిస్తే వివరించడం అతని వల్ల కాదు. రాజమండ్రి బ్యాంకులో ఆఫీసరుగా చేస్తున్న రమ్యశ్రీ అండమాన్‌లో సముద్రం అడుగుకి దిగడం నేర్చుకుంది. వచ్చే నెల ఐస్‌లాండ్ వెళుతోంది. అక్కడ భూమి రెండు ముక్కలుగా విడిపోతున్న చోట ఒక చీలిక ఉందట. దాని నిండా మంచు కరిగిన నీళ్ళు. రెండు డిగ్రీల చలి. ఎంత తేట అంటే వంద మీటర్ల దూరంలో ఉన్న రాయి కూడా కనిపిస్తుందట. మొక్కలకి పెట్టే నీళ్ళు తప్ప వేరే నీళ్ళ గురించి ఎన్నడూ ఆలోచించని జానకిరామ్‌కి ఆ మాట విన్నప్పటినుంచీ భార్య పక్కన నడవాలంటే కాస్త బెరుకుగానే ఉంది.

చిక్కల్లా సూటుతోనే. అంత చల్లటి నీళ్ళలో ఒళ్ళు తడవకుండా వేసుకునే డ్రై సూటు రమ్యశ్రీకి అలవాటు లేదు. అలవాటు లేనివాళ్ళని అక్కడివాళ్ళు దిగనివ్వరు, ఒడ్డునే కూర్చోబెడతారు. అందుకని బెంగళూరు స్నేహితురాలి సూటు అడిగి తెచ్చుకుంది.

లోపల దళసరి ఉన్ని బట్టలు, పైన తల దాకా నల్ల రబ్బరు. మెడ దగ్గర రబ్బరు జారడానికి జానకిరామ్ పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాడు. వీపు మీద అడ్డంగా ఉన్న జిప్పు లాగాడు. ఆమె నడుముకి తాడు కట్టి, కొస తన మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

గుంట ఛాతీలోతు. రమ్యశ్రీ నాలుగడుగులు వేసి ముందుకి వంగింది. సూటులో ఉండిపోయిన గాలంతా కాళ్ళలోకి పోయింది. మరుక్షణం నీళ్ళ మీద రెండు నల్లటి పాదాలు తప్ప భార్య అనేది ఎక్కడా కనిపించలేదు. జానకిరామ్ కేక పెట్టి తాడు లాగాడు.

"ఎందుకండీ అంత కంగారు!" అంది ఆమె ఒడ్డుకొచ్చి, బురద నీళ్ళు ఉమ్మేస్తూ. "గాలి బయటికి తీయడం మర్చిపోయాను. మళ్ళీ దిగుతాను. ముందు జిప్పు తీయండి, లోపల ఉడికిపోతున్నాను."

జిప్పు రాలేదు. ఉన్ని దారం పళ్ళలో ఇరుక్కుంది. లాగినకొద్దీ బిగుసుకుంది.

"కత్తిరించనా?"

"అమ్మో! అది నా సూటా ఏంటండీ? రేపు నా స్నేహితురాలికి మొహం ఎలా చూపించను?"

మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రమ్యశ్రీ ముఖం కందిపోయింది. ఇంకేం తోచక జానకిరామ్ మొక్కల పైపు తీసి ఆమెని తల నుంచి పాదాల దాకా తడపసాగాడు. సరిగ్గా అప్పుడే, పుణె వెళ్ళాల్సిన లారీ డ్రైవరు అచ్చిబాబు లోపలికి వచ్చాడు.

"ఏంటండీ ఇది? అమ్మగారి మీద పురుగుల మందేమైనా పడిందాండీ?"

"మందు కాదయ్యా, పౌడరు," అన్నాడు జానకిరామ్ తెల్లటి చేతులు చూపిస్తూ.

"పౌడరాండీ!"

"దగ్గరకి రాకు, జారుతుంది. ఇది వేసుకుంటే లోపలికి చుక్క పోదు. పోయిందా, ఇక మనిషి పని అయిపోయినట్టే."

అచ్చిబాబు చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

పావుగంటలో, లారీకి ఎక్కించిన మామిడి అంటుమొక్కలన్నీ కిందకి దిగిపోయాయి. పనివాళ్ళు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని గేటు బయటే ఆగిపోయారు. పక్క నర్సరీవాళ్ళు తమ గేటుకి తాళం వేసుకున్నారు. ఏడున్నరకి పుణె నుంచి ఫోను వచ్చింది: ఆ మొక్కలు ముట్టుకుంటే ఒళ్ళు నల్లబడి రబ్బరులా మారిపోతోందట, నిజమేనా అని.

జానకిరామ్ గేటు దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాడు. "మా ఆవిడ మంచునీళ్ళలో దిగడానికి ప్రాక్టీసు చేస్తోందయ్యా!"

మే నెలలో, కడియంలో, మంచునీళ్ళు. విషం ఈయన తలకి కూడా ఎక్కిందని అందరికీ ఖాయమైపోయింది. గుంపు మరో పది అడుగులు వెనక్కి జరిగింది.

ఒక్క సుబ్బాయమ్మ మాత్రం ముందుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ నర్సరీలో అంట్లు కడుతున్న మనిషి.

"తప్పుకోండి బాబుగారూ. ఏదమ్మా, వీపు ఇటు తిప్పండి."

లేత కొమ్మ తొక్క చీల్చినంత నెమ్మదిగా, కత్తి మొనతో దారాన్ని ఒక్కో పోగూ తెంపింది. సూటు మీద గీత కూడా పడలేదు. జిప్పు సర్రుమని తెరుచుకుంది. రమ్యశ్రీ తల బయటపెట్టి గుండె నిండా గాలి పీల్చుకుంది.

"ఎందుకమ్మా ఇన్ని తిప్పలు? ఆ నీళ్ళలో ఏముంది?"

రమ్యశ్రీ గట్టు మీద చతికిలబడి చెప్పింది. "దిగి కిందకి చూస్తే నీళ్ళున్నట్టే తెలియదంట సుబ్బాయమ్మా. గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుందంట. ఈ పక్క గోడ ఒక ఖండానిది, ఆ పక్క గోడ ఇంకో ఖండానిది. మధ్యలో మనం. మన ఊపిరి తప్ప వేరే చప్పుడే ఉండదంట."

గేటు దగ్గర తువ్వాళ్ళు ఒక్కొక్కటే ముక్కుల మీంచి జారాయి.

"నేనొకసారి ఏసుకుని చూడొచ్చాండీ?" అంది సుబ్బాయమ్మ.

ఈసారి మెడ దగ్గర వేలు దూర్చి గాలి బయటికి తీశారు. సుబ్బాయమ్మ కాళ్ళు ఆడించలేదు, వంగలేదు. వెల్లకిలా వాలి చేతులు చాపింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బిందెలతో నీళ్ళు మోసిన మనిషిని ఆ నీళ్ళు మోశాయి.

"తడి తగలట్లేదమ్మా," అంది ఆకాశంకేసి చూస్తూ, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా. "నీళ్ళలోనే ఉన్నాను. తడి లేదు."



"చూశారా, కంగారు పడకూడదండీ. నేను చేసిన తప్పు అదే," అంది రమ్యశ్రీ భర్తతో. సుబ్బాయమ్మ ఎక్కాక తను మళ్ళీ దిగి అరగంట తేలింది, పల్టీ కొట్టింది, కాళ్ళు పైకి లేచినా తనంతట తనే సర్దుకుంది. ఐస్‌లాండ్ వాళ్ళకి ఉన్నదున్నట్టు మెయిల్ రాసింది: ఒకపూట గుంటలో సాధన చేశాను, మిగతాది మీరు నేర్పాలి. ఒకరోజు ముందు రండి, నేర్పుతాం అని మర్నాడు జవాబు వచ్చింది.

గుంటలో దిగిన ఆ రోజు మాత్రం పదకొండు దాటినా లారీ కదల్లేదు. సూటు కోసం గట్టు మీద కట్టిన వరసలో దాని డ్రైవరు ఆరోవాడు.