కోపానికి పది రోజుల నోటీసు

ఇటలీ గణతంత్రంలో సమ్మె చేయడం కార్మికుల హక్కు, ఆ సమ్మె మీద మండిపడటం ప్రయాణికుల హక్కు, ఈ రెండూ నోటీసు లేకుండా జరగకపోవడమే నాగరికత.

సమ్మె చేసేవారు పది రోజుల ముందు తెలియజేయాలన్న చట్టం ఎప్పటి నుంచో ఉంది. కోపం తెచ్చుకునేవారి విషయంలో మాత్రం చాలాకాలం అరాచకమే నడిచింది. ఎవరికి తోచినప్పుడు వారు కోప్పడేవారు. బస్టాపులో కోప్పడేవారు, మంగలి కుర్చీలో మెడ వాల్చి కోప్పడేవారు, విమానం టికెట్ లేనివారు సైతం సరదాకి కోప్పడేవారు. ఈ లోటు పూడ్చడానికే రోములో ప్రజాస్పందన క్రమబద్ధీకరణ మండలి వెలిసింది. దాని అధ్యక్షులు డాక్టర్ ఎవరిస్తో పస్సలాక్వా. (ఆయన వైద్యుడు కారు. మా దేశంలో డిగ్రీ ఉన్న ప్రతివాడూ డాక్టరే. కొత్త కారు ఉంటే డిగ్రీ కూడా అడగరు.)

మండలి మూడు రకాల స్పందనలను గుర్తించింది. మొదటిది "సానుభూతితో కూడిన అసౌకర్యం". రెండోది "మామూలు ఆగ్రహం". మూడోది "ఈ దేశం ఇక బాగుపడదు". మొదటి రెండింటికీ పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ మూడోదానికి అక్కర్లేదు. అది ఏడాది పొడవునా అమల్లో ఉన్నట్టే లెక్క. మధ్యాహ్న భోజనం వేళ ఏ రకమైన ఆగ్రహమూ చెల్లదు. మనిషి మనిషికీ స్పందన నమోదు చేయడం మండలికి తలకు మించిన పని కనుక భవనానికి ఒకటి చొప్పున పంపమన్నారు.

అలా దక్షిణాదిలోని కతానియా నగరంలో, చేపల బజారు వెనక వీధిలోని మా భవనానికి కూడా ఒక వైఖరి అవసరమైంది. రెండు వారాల తరవాత వచ్చే శుక్రవారం విమాన సిబ్బంది సమ్మె. ఆ సిబ్బందిలో ఒకరు మా మూడో అంతస్తులోనే అద్దెకుంటున్నారు. పేరు గ్రాజియెల్లా, ఎయిర్‌హోస్టెస్. ఆమె ఎగిరే రోజుల్లో ఆమె కూతురు ఆలిచెను చూసుకునేది మొదటి అంతస్తులోని నున్జియా గారు. నున్జియా గారికి మోకాలు పాడైంది. ఉత్తరాదిలో ఒక పెద్ద డాక్టరు దర్శనం కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. ఎట్టకేలకు ఆసుపత్రి వారు తేదీ ఇచ్చారు. అది ఆ శుక్రవారమే.

భవన సభను ఆనవాయితీ ప్రకారం రెండుసార్లు పిలిచారు. మొదటి పిలుపు తెల్లవారుజామున. దానికి ఎవరూ రాకూడదు. ఎవరూ రాలేదని రాసుకున్నాకే రెండో పిలుపు చెల్లుతుంది. (కొత్తగా వచ్చిన ఒకాయన ఒకసారి నిజంగానే మొదటి పిలుపుకు హాజరయ్యాడు. ఆయనను ఇప్పటికీ కొంచెం అనుమానంగానే చూస్తాం.) రెండో పిలుపుకు సాయంత్రం ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని, కింద పోస్టు డబ్బాల దగ్గర కూర్చున్నాం.

భవనం లెక్కలు చూసే స్కుదేరి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "అంశం ఒకటి, శుక్రవారం సమ్మెపై భవన వైఖరి. అంశం రెండు, మెట్ల దగ్గర బల్బు."

"బల్బు ముందు కానివ్వండి," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అది మాడిపోయి ఆరేళ్లయింది. ఇంకో గంట ఆగితే కొంప మునగదు."

పై అంతస్తు ప్రొఫెసర్ బొనకోర్సి గారు లేచారు. లాటిన్ చెప్పి రిటైరయ్యారు. "నేను జీవితంలో ప్రతి సమ్మెనూ సమర్థించాను. దీన్నీ సమర్థిస్తున్నాను. శుక్రవారం కాకపోయుంటే ఇంకా గట్టిగా సమర్థించేవాణ్ణి."

"శుక్రవారం ఏముంది మాస్టారూ?" అంది గ్రాజియెల్లా.

"ఉత్తరాన తోరీనోలో నా పాత విద్యార్థులు విందు ఇస్తున్నారమ్మా. అందరూ ఖాళీగా ఉండే రోజు చూసి చేసుకోవచ్చు కదా మీ సమ్మె."

"అందరూ ఖాళీగా ఉండే రోజు విమానం ఎవరెక్కుతారండీ?"

ప్రొఫెసర్ గారు ఈ ప్రశ్నలోని తర్కాన్ని మెచ్చుకుని కూర్చున్నారు. వైఖరి మార్చుకోలేదు.

అప్పటిదాకా కాలు చాపుకుని కూర్చున్న నున్జియా గారు నోరు విప్పారు. "నాకేం చెప్పకు తల్లీ. చెప్పేదేదో నా మోకాలికి చెప్పు."

"పిన్నీ, విమానం తలుపు మూసేదాకా మాకు జీతం లెక్కలోకి రాదు. జనాన్ని ఎక్కించేది మేము. వాళ్ల పెట్టెలు పైన కుక్కేది మేము. కిటికీ సీటు కోసం కొట్టుకుంటే సర్దిచెప్పేది మేము. విమానం కదలకుండా గంటలు గంటలు అక్కడే ఉంటే, ఆ గంటలన్నీ దేవుడి ఖాతాలోకే."

"నలభై ఏళ్లు వండి వార్చాను. మా ఇంటి తలుపు ఎప్పుడైనా మూసి ఉండగా చూశావా?"

(ఆ లెక్కన మాకెంత రావాలా అని ఆడవాళ్లందరం ఒక్క క్షణం ఆలోచించాం. మగవాళ్లు బల్బు విషయం ఎత్తారు.)

"మీ డాక్టరు సంగతి నేను మర్చిపోలేదు పిన్నీ," అంది గ్రాజియెల్లా. "సమ్మె రోజైనా పొద్దున్న కొన్ని విమానాలు ఎగిరి తీరాలి. చట్టం. మీ టికెట్ అలాంటి విమానానికే మార్పించాను. మీరు హాయిగా వెళ్లి చూపించుకుని రండి."

"చల్లగా ఉండు తల్లీ."

"అయితే మీ ఓటు మాకే కదా?"

"టికెట్ వేరు, కోపం వేరు. నేను చెల్లెలికి ఫోన్ చేసి మిమ్మల్నందరినీ అప్పుడే తిట్టేశాను. ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకుంటాను?"

మా భవనంలో ఓటు తలకొకటి కాదు. ఇంటి వైశాల్యాన్ని బట్టి వెయ్యిలో వంతులు. ప్రొఫెసర్ గారి డాబాకు వంతులెక్కువ, అందువల్ల ఆయన కోపానికి కూడా విస్తీర్ణం ఎక్కువ. గ్రాజియెల్లా అద్దెకుంటున్నందున ఆమెకు వెయ్యిలో సున్నా. ఆ సున్నాను స్కుదేరి గారు ఎంతో మర్యాదగా నమోదు చేశారు. చివరకు "సిద్ధాంతరీత్యా సానుభూతి, శుక్రవారం మట్టుకు ఆగ్రహం" అన్న తీర్మానం నెగ్గింది. మాటల్లో అందరి గొంతులూ ఎండిపోవడంతో గ్రాజియెల్లా పైకి వెళ్లి బాదం పాలు తెచ్చి, కాగితం గ్లాసుల్లో వరసగా అందరికీ అందించింది. (వీధి తలుపు తెరిచే ఉన్నందున దీన్ని పనిగా పరిగణించలేం.)

శుక్రవారం చీకటి విడవకముందే నున్జియా గారు బయలుదేరారు. కొత్త జోళ్లు, చిన్న పెట్టె, డాక్టరుగారికి ఇద్దామని నూనెలో వేయించి పొట్లం కట్టిన అన్నం ఉండలు, సక్రమంగా నమోదైన ఆగ్రహం. ఆమె విమానాశ్రయం చేరేలోపు మా ఊరి పక్కనున్న అగ్నిపర్వతం పేలింది.

మా ఊళ్లో ఆ కొండను పేరు పెట్టి పిలవం. "ఆవిడ" అంటాం. ఆవిడకు ఆ తెల్లవారుజామున ఏమనిపించిందో గాని, ఆకాశమంత బూడిద ఊదేసింది. రన్‌వే మూసేశారు. చట్టం ప్రకారం ఎగిరి తీరాల్సిన విమానాలన్నీ చట్టాన్ని గౌరవిస్తూనే నేల మీద ఉండిపోయాయి.

సమ్మె సిబ్బంది బయట గొడుగులు వేసుకుని, ప్లకార్డుల మీద పడిన బూడిద దులుపుకుంటూ నిలబడ్డారు. వాళ్లను తిట్టడానికి గొంతు సిద్ధం చేసుకుని వచ్చిన జనం ఒకసారి ఆకాశం వైపు చూసి మెత్తబడ్డారు.

"ఆవిడకు ఈ మధ్య సరిగ్గా నిద్ర లేదు," అన్నాడొక పెద్దాయన.

"పోనీలెండి, లోపల దాచుకుంటే ఇంకా ప్రమాదం," అంది పక్కావిడ. "కక్కేస్తే నయం."

"ఎంత అందంగా ఉందో చూడండి," అని ఇంకొకాయన తన రద్దయిన విమానం ఉన్న బోర్డు కిందే నిలబడి ఫోటో తీశాడు. తరువాత దాహం వేసి, ప్లకార్డు పట్టుకున్న గ్రాజియెల్లాను మంచినీళ్లు అడిగాడు. ఆమె తన సీసా ఇచ్చింది. యూనిఫాం అలవాటు.

సమ్మె వార్తకు పత్రికలు ముందురోజు పెట్టిన శీర్షిక "బందీలైన ప్రయాణికులు". కొండ వార్తకు మర్నాడు పెట్టిన శీర్షిక "కనువిందు". రద్దయిన విమానాలు మాత్రం రెండో వార్తలోనే ఎక్కువ.

మండలి చురుగ్గా స్పందించింది. ఒక విమానాన్ని రెండు కారణాలు రద్దు చేయలేవు కనుక ముందు వచ్చిన కారణానిదే, అంటే సమ్మె వేళకు ముందే పేలిన కొండదే హక్కని డాక్టర్ పస్సలాక్వా తేల్చారు. అంచేత సమ్మె వల్ల ఎవరికీ అసౌకర్యం కలగలేదు, అంచేత సమ్మె జరగనట్టే. (జీతం కోత మాత్రం జరిగినట్టే. లేని పనికి హాజరుకాకపోవడం కూడా గైర్హాజరే.) ఇక సిబ్బంది మీద నమోదైన ఆగ్రహాన్ని కొండ మీదికి బదిలీ చేయవచ్చా అని కొన్ని భవనాలు అడిగాయి. కుదరదన్నారు. కొండ పది రోజుల ముందు చెప్పలేదు కాబట్టి దాని మీద పది రోజుల ముందు కోపం నమోదు చేయడం ఎవరికీ సాధ్యపడలేదు. నమోదు కాని కోపం చెల్లదు. నిజం చెప్పాలంటే, అప్పటికి ఎవరికీ ఆ కోపం లేదు కూడా.

నున్జియా గారు బూడిద కొట్టుకుపోయిన జోళ్లతో ఇల్లు చేరారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వచ్చే ఏడాది ద్రాక్ష కోతల కాలానికి ఖాళీ ఉందన్నారు. ఆమె సరేనన్నారు, పెట్టె సర్దేశారు, అన్నం ఉండలు మాకు పంచారు. గ్రాజియెల్లాతో మాట్లాడటం మానేశారు.

సోమవారం పొద్దున్న మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. నేను కూరల సంచీతో వెనకాలే ఉన్నాను. గ్రాజియెల్లా యూనిఫాంలో ఉంది, చేయి పట్టుకుని ఆలిచె.

"పిన్నీ, మీరెక్కాల్సిన విమానాన్ని ఆపింది నేను కాదు. కొండ."

"తెలుసు."

"మీ కోసమేగా టికెట్ కూడా మార్పించాను."

"అదీ తెలుసు."

"మరి నామీద కోపం దేనికి?"

నున్జియా గారు రెయిలింగ్ పట్టుకుని, నొప్పి కాలు కింది మెట్టు మీదికి మెల్లిగా దించుకున్నారు. "కొండతో మాట్లాడటం మానేశాననుకో, దానికి తెలుస్తుందా? నువ్వైతే రోజుకి రెండుసార్లు ఎదురవుతావు."

నున్జియా గారు చేయి చాపి ఆలిచెను తన వైపు తీసుకున్నారు.

"పిల్లని వదిలి బయల్దేరు. ఆలస్యమైతే జనం తిడతారు."