ఇంటిపేరు చెప్పి భోజనానికి కూర్చోగలరు

భూమ్మీద అన్నం దొరకని చోట్లు తక్కువ. దొరికిన అన్నాన్ని కూర్చుని తినడానికి అర్హత గల చోట్లు ఇంకా తక్కువ. అందులోనూ కార్తీక మాసం, ఆదివారం, కుటుంబ సమేతంగా కారు ప్రయాణం అయితే, అటువంటి చోటు దొరకడానికి పూర్వజన్మ సుకృతమైనా ఉండాలి, సరైన ఇంటిపేరైనా ఉండాలి.

వినుకొండలో ఉండే మాలకొండయ్యకు మొదటిది దండిగా ఉందని ఊళ్లో అందరూ అనేవారు. ఆయన మిరప చేలో పురుగు కూడా ఆయన్ని అడిగే ఆకు కొరికేదని ప్రతీతి. అంతటి మనిషి ఆ ఆదివారం కుటుంబాన్ని వెంటబెట్టుకుని కనిగిరి దుర్గం చూడబోయాడు. కారు నడిపేది కొడుకు సురేంద్ర. పక్కన మాలకొండయ్య. వెనక భార్య వెంకటేశ్వరమ్మ, కోడలు గీతాంజలి, ఫోను చేతబట్టిన మనవరాలు భానుశ్రీ. డిక్కీలో పులిహోర, గారెలు, పెరుగన్నంతో నిండుగా ఒక క్యారేజీ. ఆ క్యారేజీకి వెంకటేశ్వరమ్మ ఒక చట్టం చేసి పెట్టింది: ఉసిరి చెట్టు నీడ పడితే తప్ప మూత లేవదు. కార్తీకంలో ఉసిరి కింద భోంచేస్తే పుణ్యం. (ఉసిరిని వెతుక్కుంటూ ఆకలికి పడిపోతే ఏం వస్తుందో ఏ పురాణమూ చెప్పినట్టు లేదు.)

కురిచేడు దాటగానే "పది నిమిషాల్లో ఆగుతున్నాం నాన్నా" అన్నాడు సురేంద్ర. కన్న కొడుకు మాట కదా అని మాలకొండయ్య షుగరు మాత్ర మింగేశాడు. డాక్టరుగారి ఆజ్ఞ ప్రకారం మాత్ర వెనకాలే ముద్ద పడాలి. పడకపోతే చెమటలు, వణుకు, ఆ పైన ఆసుపత్రి. మాత్ర తన పని తాను మొదలెట్టింది. పది నిమిషాలు మాత్రం వానాకాలపు మబ్బులాగా ముందుకు ముందుకు జరుగుతూ పోయాయి.

ఎందుకంటే కారులో భోజన స్థల నిర్ణయ సంఘం సమావేశమై ఉంది. ఏకగ్రీవం లేనిదే కారు ఆగదు. గీతాంజలికి శుభ్రమైన బాత్రూము కావాలి. సురేంద్రకు కారు నిలపడానికి నీడ కావాలి (మనుషులు ఎండకు అలవాటు పడ్డారు, కారుకు ఇంకా పడలేదు). భానుశ్రీకి సిగ్నలు కావాలి. వెంకటేశ్వరమ్మకు ఉసిరి. మాలకొండయ్యకు అన్నం కావాలి గానీ, అది అజెండాలో లేదు.

"భానూ, నీ ఫోన్లో ఉసిరి చెట్టు కొట్టవే."

"కొట్టా నానమ్మా. దగ్గర్లోనే ఒకటుంది. నాలుగున్నర స్టార్లు."

తీరా వెళ్లి చూస్తే అది తలనూనెల దుకాణం. బోర్డు మీద ఉసిరి చెట్టు ఉంది, తలుపుకు తాళం ఉంది.

"ఆ బోర్డు నీడ చాలదా ఏంటే?" అన్నాడు మాలకొండయ్య.

"వేళాకోళమాడితే కళ్లు పోతయ్!"

"అయ్యి పోబట్టి అరగంటయింది. ఆ డాష్‌బోర్డు మీది వినాయకుడి చేతిలో లడ్డు ఒక్కటే ఆనతంది నాకు."

దర్శి చేరువలో ఓ మామిడి తోట, తోరణాలు కనిపించాయి, మైకు వినిపించింది, సాంబారు వాసన తగిలింది. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద నూటికి పైగా తలకాయలు. "మనవాళ్ల కార్తీక వనసమారాధన" అని రాసి ఉంది. బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు. హోదాకు ఆహ్వాన సంఘ సభ్యుడు, పనికి వంశ నిర్ధారణాధికారి.

"రండి రండి! ఇంటిపేరేంటండీ?"

మాలకొండయ్య చెప్పాడు. (ఆ ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే సగం మంది పాఠకులు చుట్టరికం కలుపుతారు, మిగతా సగం మంది చదవడం మానేస్తారు.)

"అయ్యో, మీవాళ్లది ఆ పక్క తోటండీ" అన్నాడు పెద్దమనిషి ఎంతో మర్యాదగా. "మా కంటే మీ వాళ్లే సాంబారు బాగా పెడతారంట!"

పక్క తోట ఫ్లెక్సీ మీద కూడా "మనవాళ్ల" అనే ఉంది. తలకాయలే వేరు. ఇంటిపేరు వినగానే అక్కడి బ్యాడ్జీ ఆయన మాలకొండయ్యను కావలించుకున్నంత పని చేశాడు.

"మనోళ్లే! రా బాబాయ్, కూర్చో! ఒరేయ్, బాబాయికి విస్తరెయ్యండ్రా! ఏ ఊరు బాబాయ్?"

"వినుకొండ."

పడిన విస్తరి మెల్లగా లేచింది.

"వినుకొండంటే పల్నాడు జిల్లా గదా బాబాయ్. ఇది ప్రకాశం శాఖ. మీ పల్నాడోళ్ల భోజనాలు పోయిన ఆదివారమే అయిపోయినయ్."

"జిల్లాలు చీల్చింది గవర్నమెంటోళ్లయ్యా. నా పొట్టనెందుకు చీలుస్తావ్?"

"మనలో మనకే క్రమశిక్షణ లేకపోతే ఎట్టా బాబాయ్?"

మైకులో ఎవరో "మనవాళ్లంతా ఒక్క తాటి మీదకు రావాలి!" అని గొంతు చించుకుంటున్నారు. ఆ తోటలో నిజానికి ఉసిరి చెట్టు లేదు. ఎక్కడి నుంచో కొమ్మ నరుక్కొచ్చి రంగు డబ్బాలో పాతి, పసుపు కుంకుమలు పెట్టారు. ఆ కొమ్మను మాత్రం ఏ జిల్లా అని ఎవరూ అడిగినట్టు లేదు.

మళ్లీ కారు ఎక్కేసరికి మాలకొండయ్య చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. సీటు బెల్టు పెట్టుకోబోతే చేతులు వణికి బెల్టు జారిపోయింది. వెంకటేశ్వరమ్మ చూసింది.

"ఒరేయ్ సురేంద్రా, ఆపరా కారు! ఉసిరీ వద్దు, పుణ్యమూ వద్దు. తుమ్మ చెట్టయినా సరే, ఆపు!"

చట్టం రద్దయింది. కారు ఆగింది. ఆగిన చోట పత్తి చేను. గట్టు మీద గుబురుగా, కాయలతో, నిక్షేపం లాంటి ఉసిరి చెట్టు! (దేవుడికి కూడా పైనుంచి చూస్తూ నవ్వుకునే అలవాటుంది.)

దాని కింద భార్యాభర్తలిద్దరు పత్తి సంచులు పక్కన పడేసి అన్నం తింటున్నారు. ఇమ్మానియేలు, రెబ్కా. ఆ చేను కౌలుకు చేసేవాళ్లు.

"ఏం పెద్దాయనా, షుగరా?" చూడగానే అడిగాడు ఇమ్మానియేలు. "మాత్రేసుకున్నావా?"

మాలకొండయ్య తల ఊపాడు.

"ఇంకేం మరి! రెబ్కా, ముందా ముద్ద పెట్టు!"

డిక్కీ తెరిచేలోపే మజ్జిగన్నం ముద్ద ఆయన చేతిలో పడింది, నోట్లోకి వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. (అడగాల్సిన అధికారి ఇంకా తోట గేటు దగ్గరే డ్యూటీలో ఉన్నాడు.) తర్వాత క్యారేజీ తెరిచారు. పులిహోర అటు వెళ్లింది, గోంగూర పచ్చడి ఇటు వచ్చింది.

"చెట్టు నీదేనా అబ్బాయ్?" ప్రాణం కుదుటపడ్డాక అడిగాడు మాలకొండయ్య.

"ఆసామి ఒంగోల్లో ఉంటాడు పెద్దాయనా. చెట్టు ఆయనది, నీడ మాది."

"నీ ముద్ద ఈ జన్మలో మర్చిపోనురా. మా ఇంటికొచ్చి భోంచేసి తీరాలి మీరిద్దరూ."

"అట్టాగేలే. ముందు గారె తిను."

తిరుగు ప్రయాణంలో భానుశ్రీ ఆ చోటును మ్యాపులో పెట్టింది: "నిజమైన ఉసిరి చెట్టు. కారుకు నీడ. ఫుల్ సిగ్నల్. బాత్రూమ్ లేదు, పత్తి చేను ఉంది. మనుషులు మంచివాళ్లు. అయిదు స్టార్లు."

మంచి మాట ఊరికే పోదు. మరుసటి కార్తీకానికల్లా ప్రకాశం శాఖ, పల్నాడు శాఖ ఆ అయిదు స్టార్ల సాక్షిగా ఏకమయ్యాయి. ఒంగోలు ఆసామి కూడా మనవాడేనని తేలింది. గట్టు చదును చేశారు, ఫ్లెక్సీ కట్టారు, తాడు లాగి గేటు పెట్టారు. స్థలాన్ని కనిపెట్టిన మహనీయుడని మాలకొండయ్యకు శాలువా కప్పి, గేటు పక్కనే కుర్చీ వేసి, చేతికి విస్తరాకు ప్లేటు ఇచ్చారు.

ఎండ నడినెత్తికొచ్చింది. పత్తి సంచులు దింపుకుని, గిన్నె చేతబట్టుకుని, రోజూ తినే చోటికి ఇమ్మానియేలు, రెబ్కా వచ్చారు. బ్యాడ్జీ ఆయన తాడు దగ్గర ఆపాడు.

"ఇంటిపేరేంటండీ?"

ఇమ్మానియేలు ఆయన భుజం మీదుగా కుర్చీ వైపు చూశాడు. మొహం విప్పారింది.

"పెద్దాయనా! బాగుండావా? మాత్రేసుకున్నావా?"

మాలకొండయ్య లేవబోయాడు. "వీళ్లు మనవాళ్లేనయ్యా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ప్లేట్లో వేడివేడి పులిహోర పడింది. మాత్ర అప్పటికే వేసుకున్నాడాయె. డాక్టరుగారి ఆజ్ఞను మన్నించి, ముందు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.