ఊరికి సున్నా మార్కులు

ఆ పొద్దు త్రివేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మిగిలిన నాలుగిళ్ళవాళ్ళను అడగాల్సింది అడిగేసి, మధ్యాహ్నం బస్సుకు అనంతపురం చేరి, ఇంట్లో కడుపునిండా తిని పడుకోవాలి. మనుషులకు తామున్న చోటి మీద ఎంత మమకారమో తేల్చడం ఆమె పరిశోధన. అందుకు గైడు రామదాసు గారు రెండు దారులు చెప్పారు. ఊరికి పదికి ఎన్ని మార్కులేస్తారో అడిగి అంకెలు రాసుకోవాలి. ఊరి గురించి మాట్లాడించి ఆ మాటలు టేపులో పట్టాలి. రెండూ కలవకపోతే అంశమే మార్చుకోవాలనీ చెప్పారు. అంటే ఏడాది కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

యాడికి అనే మండల కేంద్రానికి దగ్గరున్న ఆ ఊళ్ళో వానకు కరువు గాని మాటలకు కరువు లేదు. త్రివేణికి బస ఇచ్చిన కదిరమ్మ, బెంగుళూరులో కొడుకు దగ్గర పట్టుమని పది రోజులుండలేక తిరిగొచ్చిన కథను టేపు అయిపోయేదాకా చెప్పింది. వేరుశనగ చెట్టు పీకితే వచ్చే మట్టి వాసన తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. మార్కులెన్ని అంటే మాత్రం తడుముకోకుండా సున్నా అంది. ఊరంతా అదే వరస.

ఆ నాలుగిళ్ళవాళ్ళూ సున్నాలే వేసేసరికి త్రివేణి ఏడుపు ఆపుకోలేక కదిరమ్మను నిలదీసింది.

"కాయితాలు పట్టుకోనొచ్చినోళ్ళకు బాగుండాది అని చెప్తామా పాపా?" అంది కదిరమ్మ. "పంట నష్టం రాసేటప్పుడు మారెప్ప నోరుజారి రోంత పండిందన్న్యాడు. సాయం లిస్టులో వాని పేరే ఎగిరిపాయ."

త్రివేణికి అప్పుడు తత్వం బోధపడింది. వెంటనే టీకొట్టుకు పోయి, ఊళ్ళో నలుగురూ మాట వినే పుల్లన్నకు వివరంగా చెప్పింది. ఇది కరువు సర్వే కాదు, దీనివల్ల ఎవరికీ ఏ సాయమూ రాదు, మీకిక్కడ ఉండడం ఇష్టమో కాదో తెలుసుకోవడానికే అని. తాను చేసిన ఘనకార్యం ఆమెకు అప్పుడు తెలియలేదు.

సాయం లేని సర్వేను పుల్లన్న పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉండడం ఇష్టమేనా అని ఊరికే ఎవరడుగుతారు? కొండమీదికి గాలిమరలొచ్చాయి కదా, ఇక ఊరిమీదికీ వస్తాయన్నమాట. అందుకే ఇష్టం లేదని ముందుగా ఊరి నోటితోనే చెప్పించుకున్నారు. ఈ మాట టీకొట్టు దాటేసరికి ఊరిని ఎత్తేస్తున్నారయింది. బోరింగు దగ్గరికి చేరేసరికి జనాన్ని ఎక్కించుకుపోయే లారీలు తాడిపత్రి దాటేశాయి.

త్రివేణి సంచీ తగిలించుకుని వచ్చేసరికి, అనంతపురం నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే వెనక్కి తిరిగే బస్సు ఆగి ఉంది. ఆగక చస్తుందా, ఊరంతా దానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"మా సున్నాలు మాకిచ్చి పో తల్లీ," అన్నాడు పుల్లన్న. "పదికి పది రాసుకో. చాలకుంటే నూరు రాసుకో."

ఆమె ఎంత చెప్పినా వినే నాథుడు లేడు. అంతలో బస్సులోంచి సాక్షాత్తూ రామదాసు గారే దిగారు. శిష్యురాలి పని చూద్దామని చెప్పకుండా వచ్చిన ఆ పెద్దమనిషిని, ఊరు ఎత్తించడానికొచ్చిన అధికారి అనుకున్నారు జనం. కదిరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చేను గట్టుకు లాక్కుపోయింది. అక్కడ నాపరాళ్ళు పేర్చిన గుట్ట ఒకటి చూపించింది.

"మా ఇంటాయప్పను ఈడే పూడ్చినాము. ఈయప్పను గూడా లారీ ఎక్కిస్తావా సామీ?"

రామదాసు గారు వంగి ఆ రాళ్ళను చూశారు. తర్వాత త్రివేణి కాగితాలు అడిగి తీసుకుని ఒక్కొక్కటే తిప్పారు.

"అన్నీ సున్నాలే. మాటలేమో ఇట్లున్నాయి. రెండూ కలవలేదే?"

"కలవవు సార్," అంది త్రివేణి, ఎక్కడ లేని ధైర్యం తెచ్చుకుని. "అంకెలు కరువును తలుచుకుని చెప్పినారు. మాటలు ఊరిని తలుచుకుని చెప్పినారు."

ఆయన ఇంకోసారి ఆ రాళ్ళగుట్ట వైపు చూశారు. అంశం మార్చనక్కర్లేదనీ, అవెందుకు కలవలేదో అదే రాయమనీ అన్నారు. త్రివేణికి పోయిన ప్రాణం లేచొచ్చింది. లారీలూ లేవు, ఏమీ లేవని ఆయన ఒట్టేసి చెప్పాక ఊరికీ ప్రాణం కుదుటపడింది. పుల్లన్న స్వయంగా టీ తెచ్చిచ్చాడు. బస్సులోవాళ్ళు కూడా తిట్లు మాని తలా ఒక గ్లాసు తాగారు. కిటికీ పక్క సీట్లో కూలబడ్డ త్రివేణి యాడికి రాకముందే నిద్రపోయింది.

మరుసటి నెల పంట నష్టం రాసుకోవడానికి నిజమైన అధికారి వచ్చినప్పుడు, పుల్లన్న కుర్చీ వేసి మర్యాదగా అడిగాడు: "ముందు ఇది చెప్పు సామీ, ఇది కరువు లెక్కనా, ఇష్టం లెక్కనా?"