లైన్ రోలర్ మారిస్తే సరి

లోకంలో ఏ సమస్యకైనా పరిష్కారం ఒక్కటే: అప్‌గ్రేడ్! నమ్మనివాళ్లు రాజోలు అవతల సోమేశ్వరరావుగారింటికి వెళ్లి, ఆయన గాలం రీలు చూసి రావచ్చు.

రీలు పాతదే. దారం మలుపు తిరిగి రీలులోకి వెళ్లేచోట వేలిగోరంత చక్రం ఒకటుంటుంది. అదే లైన్ రోలర్. ఇన్నాళ్లూ అది ఇత్తడి రింగు మీద, గానుగలో ఆడించిన కొబ్బరినూనె చుక్కతో తిరిగింది. చలికి నూనె పేరుకుంటే కీచుమనేది. ఆ కీచుతోనే ఆయన ఇంటి వెనక కాలువలో, సముద్రపు పోటుకి ఎక్కివచ్చే పండుగప్పలు పట్టేవారు. అప్‌గ్రేడ్ అన్న మాట తెలియని అజ్ఞానపు రోజులు కాబట్టి చేపలు పడేవి, పాపం.

ఈ ఏడు కూతురు ప్రశాంతి తొలి కానుపుకి పుట్టింటికొచ్చింది. ఏం తిన్నా సహించడం లేదు.

"నా చిన్నప్పుడు వెనక కాలువలో పట్టేవారు చూడండి నాన్నగారూ, ఆ పండుగప్ప పులుసైతే రెండు ముద్దలు తింటానండి" అంది.

కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే ఏ తండ్రి కాదంటాడు? సోమేశ్వరరావుగారు వారం రోజులు గట్టున కూర్చున్నారు. ఒక్క చేపా తగల్లేదు. మీరూ నేనూ అయితే కాలువలోకి తొంగిచూసేవాళ్లం. ఆయన వివేకి. రోలర్‌లోకి తొంగిచూశారు.

"దారం ఇక్కడ మెలిపడుతోందే. చేపకి అనుమానం రాదూ?" అన్నారు భార్య వీరలక్ష్మితో.

"ఆయ్, వస్తుందండి" అందావిడ.

ఇక ఫోన్‌లో వీడియోలు మొదలయ్యాయి. ఇత్తడి రింగు పోయి బాల్ బేరింగ్ వచ్చింది. ఒకటి చాలదని రెండోది వచ్చింది. స్టీలుకి ఉప్పునీళ్లు పడవని సిరామిక్‌ది తెప్పించారు. దాని గ్రీజుకి ఫ్రిజ్‌లో ప్రశాంతి మందుల పక్కన చోటిచ్చారు. ఊపిరి తగిలినా రోలర్ తిరిగేది. పిల్లని చూడవచ్చిన చుట్టాలు ముందు రోలర్‌ని చూసి, తర్వాత పిల్లని పలకరించేవారు.

ఆ కాలువ గట్టు పక్కనే ఆయన రొయ్యల చెరువు ఉంది. వరిచేను తీసేసి తవ్వించారు. అదీ అప్‌గ్రేడే! నీళ్లు మార్చినప్పుడల్లా చెరువులోని నల్లనీళ్లు, వేసిన మందులతో సహా, పైపులోంచి కాలువలోకి దిగుతాయి. దానికీ రోలర్‌కీ సంబంధం ఏమిటని మీరు అడగరు కదా? ఆయనా అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ప్రశాంతికి గట్టున కుర్చీ వేయించి గాలం విసిరారు. కాసేపటికి దారం బిగిసింది. కొత్త రోలర్ చప్పుడు లేకుండా తిరిగింది. అంత బాగా తిరుగుతుంటే ఆయన నీళ్ల కేసి కాక రోలర్ కేసే చూస్తూ లాగారు. లాగగా లాగగా ఒడ్డుకొచ్చింది ఒక ఖాళీ మేత సంచి. ఆయన చెరువులో వేసే మేతదే.

ప్రశాంతి సంచి కేసి చూసింది. తర్వాత పైపు కేసి చూసింది.

"నాన్నగారూ, ఆ పైపుని కూడా అప్‌గ్రేడ్ చేయించండి" అంది.

సోమేశ్వరరావుగారు కొక్కెం నుంచి సంచి విడదీసి, రోలర్‌ని తుడిచి, వేలితో ఒకసారి తిప్పి చూసుకున్నారు.

"ఆయ్, చేయిద్దామమ్మా. ముందు ఈ గాలం రాడ్డు మారుద్దాం. పాతదైపోయింది" అన్నారు.

మధ్యాహ్నం ప్రశాంతి మజ్జిగన్నం కలుపుకుని, సగంలోనే లేచిపోయింది. సాయంత్రం చెరువు నీళ్లు మార్చారు.