తెనాలి వలయంలో మూడు సింహాసనాలు

శనివారం ఉదయం పదిన్నరకు తెనాలిలోని ఒక కల్యాణమండపంలో ముగ్గురు పెద్దలు మూడు పెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. పదకొండు కావస్తున్నా లేవలేదు.

జరిగింది ఇదే. అయితే జ్యేష్ఠమాసమున, కాలువలకు నీరు వదిలిన వారమున, కరెంటు పోని ఒకానొక పూట, ఆ అర్ధగంటలో నడిచిన రాయబారములను, పన్నిన వ్యూహములను, వాటి భంగములను, బాపట్ల గుమాస్తా ఒకతె సాగించిన సింహాసనోత్థాపన సమరమును క్రమము తప్పక చెప్పవలసి ఉన్నది. సాక్షులు నలభై మంది. వారిలో ఎవరూ మాట మార్చలేదు.

ముందు సేనల సంగతి. 'డెల్టా పటం' ఒక స్వచ్ఛంద సంఘం. దానికి ఆఫీసు లేదు, లాభం లేదు. నదులు సముద్రంలో కలిసే చోట్ల ఉండేవాళ్ళు తమ ఊళ్ళ కాలువల వెంట, మురుగు కాలువల వెంట నడిచి, వాటిని అందరూ ఉచితంగా వాడుకునే పటంలో ఎక్కిస్తారు. వరదొస్తే ఏ నీళ్ళు ఎవరి చేలోకి తన్నుతాయో ఆ పటం చూస్తే తెలుస్తుంది. వియత్నాంలో కాంతో, బంగ్లాదేశ్‌లో బరిసాల్, ఈజిప్టులో మన్సూరా సంఘ కేంద్రాలు. మన వైపు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కలిపి ఒక కేంద్రం. సంగం జాగర్లమూడి నుంచి నిజాంపట్నం రేవు దాకా నీళ్ళన్నీ దాని లెక్కలోవే. ఏడాదికొకసారి అన్ని దేశాల వాళ్ళూ ఒకచోట కలుస్తారు. వచ్చే ఏడు ఎక్కడ కలవాలన్నది ఈ ఏడు ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని వీడియో తెర మీద తేల్చుకుంటారు. శనివారం జరిగింది ఆ సమావేశం.

సంఘంలో మొదటి నియమం కుర్చీల గురించి. అందరూ వలయంగా కూర్చోవాలి. అన్ని కుర్చీలూ ఒకే రకంగా ఉండాలి. వేదిక ఉండకూడదు. కెమెరాలో వలయం కనపడేదాకా ఏ కేంద్రానికీ మాట్లాడే వంతు రాదు. వంతు తప్పిన కేంద్రం ఆ ఏడు ఆతిథ్యం అడగకూడదు. మూడుసార్లు తప్పితే ఇక ఎప్పుడూ అడగకూడదు. మన కేంద్రానికి అప్పటికే రెండు తప్పాయి. ఒకసారి కరెంటు పోయింది. ఒకసారి స్వాగతోపన్యాసం అయిపోలేదు.

దళపతి పేరు ఫ్లోరెన్స్, బాపట్లలో గుమాస్తా. నాలుగేళ్ళుగా ఆఫీసు పని అయ్యాక మూడు ఊళ్ళనూ నాలుగు దేశాలనూ ఫోనులో కలుపుతున్నది ఆమే. ఇంట్లో తల్లి పుష్పలతతో ఈ విషయమై జరిగే సంభాషణ ఎప్పుడూ ఒకటే.

"జీతమెంతే?"

"జీతం లేదమ్మా."

"మరి మేనేజరెవరే?"

"మేనేజరూ లేడు."

"జీతమూ లేదు, మేనేజరూ లేడు. మరి ఆదివారం నిన్ను చర్చికి రానియ్యంది ఎవరే?"

ఈసారి ఫ్లోరెన్స్ అన్ని కోటగుమ్మాల దగ్గరా కాపలా పెట్టింది. కరెంటుకు బదులు ఇన్వర్టరు తెప్పించింది. కార్యక్రమంలో స్వాగతోపన్యాసం కొట్టేసింది, దాని కిందున్న ప్రార్థన కూడా కొట్టేసింది. కుర్చీల పని మాత్రం తెనాలి వాలంటీరు గిరీష్‌కు అప్పగించింది. గిరీష్ షామియానా షాపు యలమందకు ఫోన్ చేసి, ఫంక్షనుంది, నలభై కుర్చీలు పంపమన్నాడు.

తెనాలిలో షామియానా షాపుకు ఫోన్ చేసి ఫంక్షన్ అన్నవాడికి, అడిగినా అడగకపోయినా, పెద్దల కుర్చీలు వస్తాయి. ఎర్ర మఖమలు, బంగారు రంగు చేతులు, వీపు వెనక కిరీటం. పెళ్ళికొడుకు కూర్చునే రకం. నలభై ప్లాస్టిక్ కుర్చీలతో పాటు అవి మూడు వచ్చాయి.

"ఇవెందుకు తెచ్చావు బాబాయ్?" అని ఫ్లోరెన్స్ అడిగింది.

"ఫంక్షనన్నారు గదమ్మా" అన్నాడు యలమంద. "పెద్దోళ్ళని ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెడితే రేపు మాకెవుడు ఫోన్ చేస్తాడు? వీటికి కిరాయి కూడా లేదు. మర్యాదకి తెచ్చా."

వ్యాన్లో పెట్టేయమని ఆమె చెప్పబోయే లోపల బయట కార్లు ఆగాయి.

మొదట ప్రవేశించినవారు సీతారామాంజనేయులు, అంగలకుదురు రైతు, మండపాధిపతి. హాలు ఉచితంగా ఇచ్చినది వారే. హాలును ఒకసారి కలయజూచి, నలభై మూడు ఆసనములలో తనది ఏదో ఎవరూ చెప్పకయే గ్రహించి, నడిచి, ఆసీనులైనారు. తరువాత బాపట్ల జట్టుతో జకరయ్య వచ్చారు. ఆయన రిటైర్డు జాగ్రఫీ లెక్చరరు, లూథరన్ చర్చి పెద్ద. ఆ జట్టులో సగం మందికి గురువు. ఆయన కుర్చీలను చూడలేదు. కూర్చున్నవారిని చూశారు. చూసి, రెండవ సింహాసనమెక్కారు. చివరన రేపల్లె నుంచి రాఘవమ్మ వచ్చారు. అక్కడి వాలంటీర్లకు తన మేడ మీది గది ఇచ్చినావిడ. "నాకెందుకులే తల్లీ, ఏదో ఒక మూల కూచుంటా" అంటూ మూడవదానిలో కూర్చున్నారు.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఏనుగును లేపుటకు అంకుశము కలదు, నిద్రపోవు సైన్యమును లేపుటకు శంఖము కలదు, పడవను లేపుటకు పోటు కలదు. కృష్ణా డెల్టాలో కూర్చున్న పెద్దను లేపుటకు మాత్రము ఇంతవరకు ఎవరూ ఆయుధము కనిపెట్టలేదు.

తెర వెలిగింది. కాంతోలో సమావేశం నడిపే లాన్ అనే ఆమె కనిపించింది. బరిసాల్ వాళ్ళు మాట్లాడుతున్నారు. వాళ్ళ తర్వాత తెనాలి. లాన్ ఇంగ్లీషులో అడిగింది:

"తెనాలీ, మీ హాల్లో మూడు చోట్ల ఎర్రగా ఏదో కనిపిస్తోంది. నిప్పేమైనా అంటుకుందా?"

"లేదండి" అన్నాడు గిరీష్. "పెద్దలు."

ఫ్లోరెన్స్ మొదటి రాయబారానికి బయలుదేరింది.

"సార్, ఇక్కడ అందరం ఒకేలాంటి కుర్చీల్లో కూచోవాలండి. రూలు."

సీతారామాంజనేయులు గొంతు సవరించుకున్నారు.

"మంచి రూలమ్మా. నేను సమానత్వానికి వ్యతిరేకిని కాను. మా నాన్నగారు ఈ మండపానికి శంకుస్థాపన చేసిననాడే సభాముఖంగా చెప్పారు, ఈ కప్పు కింద గొప్పా లేదు, బీదా లేదు, అందరూ ఒకటేనని. ఆ మాట చలవరాయి మీద చెక్కించాం. గుమ్మం పక్కనే ఉంది, మా ఇంటిపేరు కింద. కాబట్టి ముందు జకరయ్యగారిని లేవమను."

ఆమె పక్క సింహాసనానికి వెళ్ళింది.

"మాస్టారూ..."

"విన్నానమ్మా. లేవటానికి నాకేంటి? ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు. నేను ముప్పై ఏళ్ళు నిలబడే పాఠం చెప్పాను. కుర్చీ మీద నాకు వ్యామోహం లేదు. అయితే తెనాలి కూచునుండగా బాపట్ల లేచిందంటే ఊళ్ళో నేనెట్టా తిరగను? ముందు వారిని లేవమను."

మూడవ సింహాసనం దగ్గర ఆమెకు నోరు తెరిచే పని పడలేదు.

"వాళ్ళిద్దరూ లేస్తే నేను లేవనా తల్లీ?" అన్నారు రాఘవమ్మ. గొంతు తగ్గించి, "ఆ తెనాలాయన కాలు మీద కాలేసుకున్నాడు చూశావా? అది లేచే వాలకమేనా?" అన్నారు.

రాయబారము విఫలమైనది. గిరీష్ కాఫీ వ్యూహము పన్నాడు. కాఫీ వరండాలో ఉందని మైకులో చెప్పాడు. నలభై మందిలో ఒక్కసారిగా చలనం వచ్చింది. ముగ్గురు వాలంటీర్లు పరుగున వెళ్ళి, మూడు కప్పులు తెచ్చి, మూడు కుర్చీల దగ్గర పెద్దల చేతికి అందించారు. ఈ విధముగా శత్రుదుర్గమునకు పానీయములను మన సేనయే చేరవేసినది.

"ఎవడ్రా మిమ్మల్ని తెమ్మంది?" అన్నాడు గిరీష్.

"పెద్దోళ్ళు లేచెళ్ళి తెచ్చుకుంటారేంటి?" అన్నారు వాళ్ళు.

రెండవది ఛాయాచిత్ర వ్యూహము. గ్రూప్ ఫోటో అంటే అందరూ లేస్తారని గిరీష్ లెక్క. లేచారు. లేచి వచ్చి ఆ మూడు కుర్చీల వెనక వరసగా నిలబడ్డారు. గ్రూప్ ఫోటోలో పెద్దలు ముందు వరసలో కూర్చుంటారన్న సంగతి అతనికి ఫోటో తీశాక గుర్తొచ్చింది. సీతారామాంజనేయులు ఉత్తరీయం సర్దుకున్నారు.

"తెనాలీ" అంది లాన్, "ఇప్పుడు వలయం కూడా లేదు. బరిసాల్ వాళ్ళు చివరి మాటలు చెబుతున్నారు. మీరు సిద్ధంగా లేకపోతే మన్సూరాను పిలుస్తాను."

తెర మీద మన్సూరా కనిపించింది. వాళ్ళు వలయంగా కూర్చుని ఉన్నారు. ఒకే రకం కుర్చీలు.

అందరినీ మళ్ళీ వలయంగా కూర్చోబెట్టారు. ఎర్ర కుర్చీలు ఉన్నచోటే ఉన్నాయి. ఫ్లోరెన్స్ స్తంభం పక్కన ఆగింది.

"ఇంటికి పోదామా?" అని గిరీష్ అడిగాడు.

అప్పుడు జకరయ్య వాచీ చూసుకుని, పక్కనున్న ఎవరితోనో కాదు, అందరితోనూ అన్నారు:

"అదేంటమ్మా, ప్రార్థన లేకుండానే మొదలుపెడతారా?"

"అదీ అడగండి మాస్టారూ" అన్నారు రాఘవమ్మ. "దీపం లేదు, ప్రార్థన లేదు. ఏం మీటింగో ఏంటో!"

సీతారామాంజనేయులు కూడా తల ఊపారు. ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి సందర్భం అది.

ఫ్లోరెన్స్ గిరీష్ చేతిలో మైకు తీసుకుంది. యలమంద వైపు చూసి, ఎర్ర కుర్చీల వైపు చూసి, సామాను గది వైపు చూసింది. యలమంద తువ్వాలు నడుముకు బిగించాడు.

"సభ్యులందరూ ప్రార్థనకు లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాం. ప్రార్థన జకరయ్య మాస్టారు చేస్తారు."

కూర్చున్నవాళ్ళందరూ లేచారు. సింహాసనత్రయము ఏకకాలమున ఖాళీ అయినది. ముగ్గురిలో ముందు లేచినవారెవరన్నది తర్వాత వీడియో ఆపి ఆపి చూసినా తేలలేదు.

జకరయ్య కళ్ళు మూసుకున్నారు. కృష్ణ కోసం ప్రార్థించారు. మెకాంగ్ కోసం, నైలు కోసం, పద్మ కోసం ప్రార్థించారు. యలమంద, గిరీష్ చెరొక వైపు పట్టుకుని బాపట్ల కుర్చీని ఎత్తారు. మురుగు కాలువల కోసం, వాటి వెంట నడిచే పిల్లల కాళ్ళ కోసం ప్రార్థించారు. రేపల్లె కుర్చీ వెళ్ళింది. వెళ్ళినచోటల్లా, గోడ పక్కన మిగిలిన వాటిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది.

సీతారామాంజనేయులు చేతులు జోడించి నిలబడ్డారు. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఆయన అంతా చూశారు. యలమంద ఆయన కుర్చీ వెనక్కు వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే జకరయ్య, "ఈ మండప యజమాని సీతారామాంజనేయులుగారిని, ఆయన విశాల హృదయాన్ని, ఆయన వంశాన్ని దీవించుమని వేడుకుంటున్నాం" అన్నారు. తన వంశానికి దీవెన పడుతుండగా అడ్డు చెప్పిన మనిషి అంగలకుదురులో ఇంతవరకు లేడు. ఆయన నోరు మూసుకుని, తన కుర్చీ సామాను గదిలోకి వెళ్ళడం చివరిదాకా చూశారు.

"ఆమేన్" అన్నారు జకరయ్య. వెనక్కు చూడకుండా కూర్చున్నారు. ప్లాస్టిక్ కుర్చీ ఆయన్ని పట్టుకుంది. రాఘవమ్మ కూర్చుని, "అబ్బ, ఇదే నయం. అది గుచ్చుకుంటోంది" అన్నారు.

పెద్దల్లో ఇంకా నిలబడి ఉన్నది ఒక్కరే.

"నా కుర్చీ ఏదమ్మా?"

"తీశామండి."

"జకరయ్యగారిది?"

"అదీ తీశామండి."

"రాఘవమ్మగారిది?"

"అదీనండి."

సీతారామాంజనేయులు సామాను గది తలుపు వైపు చూశారు.

"ఎవరిది ముందు తీశారు?"

"బాపట్లదండి."

"సరే" అని ఆయన కూర్చున్నారు.

ఇట్లు, కత్తి దూయక, పెద్దల మాట జవదాటక, ఒక్క వృద్ధుని మోకాలికైనను నొప్పి కలిగింపక, ఫ్లోరెన్స్ నాయకత్వమున తెనాలి బాపట్ల రేపల్లె సంయుక్తసేన మూడు కుర్చీలను హాలు నుండి పక్క గదికి చేర్చి విజయము సాధించినది.

"ఇప్పుడు వలయం కనిపిస్తోంది" అంది లాన్. "చెప్పండి తెనాలీ."

ఫ్లోరెన్స్ మాట్లాడింది. తరువాత మన్సూరా మాట్లాడింది. మధ్యాహ్నం భోజనాలకు ముందు ఓట్లు పడ్డాయి. వచ్చే ఏటి సదస్సు తెనాలి, బాపట్ల, రేపల్లెలలో మూడు రోజులు జరుగుతుందని లాన్ ప్రకటించింది.

మొదటి రోజు ఏ ఊళ్ళో అన్నది సాయంత్రం దాకా తేలలేదు.