సోమవారం వదులు, మంగళవారం బిగుతు

ఆ సోమవారం లెక్కల మాస్టారు పొద్దున్న అయిదింటికే లేచి, బూట్లు తొడుక్కుని, వంటింట్లో ఉడికించిన గుడ్డు ముందు నిలబడి ఆలోచనలో పడ్డారు. తిని నడవాలా, నడిచి తినాలా?

మోకాళ్ళు చూసిన డాక్టరు, "ఖాళీ కడుపుతో కసరత్తు చెయ్యకండి, కళ్ళు తిరిగి పడతారు" అన్నాడు. బడిలో డ్రిల్లు మాస్టారేమో, "తిని నడిస్తే తిన్నదే కరుగుతుంది సార్, పొట్ట ఎక్కడిదక్కడే ఉంటుంది" అన్నాడు. ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్ళే. ఎవరి మాట వినాలో ఆయనకు అంతు పట్టలేదు.

పోనీ అని ఊరుకునే వ్యవహారం కాదు. పదో తరగతి ఉండేది మూడో అంతస్తులో. మాస్టారు రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని ఆయాసపడుతుంటే ప్రిన్సిపాల్ మేడమ్ రెండుసార్లు చూసింది. "నెలాఖరుకల్లా కాస్త ఒళ్ళు తగ్గించండి మాస్టారూ. లేకపోతే కింద రెండో తరగతి తీసుకోండి" అంది, మర్యాదగానే. ఇన్నేళ్ళూ బీజగణితం చెప్పిన మనిషి కోడిపిల్లల బొమ్మలు చూపించి కూడికలు చెప్పుకోవాలా అని ఆయనకు అన్నం సహించలేదు. అంటే, మారు వడ్డించిన అన్నం సహించలేదు.

చివరికి ఒకరోజు తిని నడవడం, ఒకరోజు నడిచి తినడం అని తీర్మానించుకున్నారు. ఏది పనిచేస్తే అదే ఖాయం. బరువు చూసే మిషన్ మీద ఆయనకు నమ్మకం లేదు. "అది రోజుకో మాట చెబుతుంది. ప్యాంటు అబద్ధం చెప్పదు" అనేవారు. ఒంటికి పట్టే ప్యాంటు ఎలాగూ ఒక్కటే మిగిలింది.

అంతకు ముందురోజే ఆ ప్యాంటు ఆయన ఊపిరి బిగబట్టి తొడుక్కోవడం భార్య తలుపు సందులోంచి చూసింది. నాలుగు రోజులుగా నడుస్తున్న మనిషి, ఇలా అయితే విసిగి మానేస్తాడని ఆవిడ భయం. చప్పుడు కాకుండా ప్యాంటు వెనక కుట్టు కాస్త విప్పి, లోపలి మడతలోంచి బట్ట వదిలి, మళ్ళీ కుట్టేసింది.

సోమవారం గుడ్డు తిని, నడిచి వచ్చి మాస్టారు ప్యాంటు వేసుకుంటే నడుము దగ్గర వేలు దూరింది! ఆనందం పట్టలేక ఇంట్లోనే రెండు చుట్లు తిరిగారు.

సాయంత్రం ఆయన ప్యాంటు ఎగలాక్కుంటూ రావడం వాళ్ళమ్మ చూసింది. "ఏరా నాన్నా, ఇలా చిక్కిపోయావేంటి?" అంది. ఆయన మురిసిపోయారు. పెద్దావిడ మాత్రం మనసులో బెంగ పెట్టుకుని, నలుగురిలో కొడుకు ప్యాంటు జారితే ఏం బాగుంటుందని, సూదీ దారం తీసి ముందున్న హుక్కు లోపలికి జరిపి కుట్టింది. 

మంగళవారం ఖాళీ కడుపుతో నడిచి వచ్చి చూస్తే ప్యాంటు బిగుతు. సాయంత్రం ఆయన మొహం చూసి భార్య మళ్ళీ కుట్టు విప్పింది. బుధవారం తిని నడిచారు, వదులు. ఆ సాయంత్రం తల్లి మళ్ళీ హుక్కు జరిపింది. గురువారం బిగుతు.

ఇంట్లో ముగ్గురికీ మూడు రకాల అయోమయం. రోజు విడిచి రోజు భర్త ఉబ్బుతున్నాడని భార్య ఆయన గిన్నెలో ఓట్స్ తగ్గించింది. రోజు విడిచి రోజు కొడుకు అరిగిపోతున్నాడని తల్లి పెరట్లోకి పిలిచి రెండేసి అరటిపళ్ళు, గ్లాసుడు పాలు ఇచ్చి, "మీ ఆవిడతో అనకు" అంది. మాస్టారికి మాత్రం అంతా తేటతెల్లమైపోయింది. స్టాఫ్ రూములో బోర్డు మీద గీత గీసి నిరూపించారు.

"ముందు తిండి, తర్వాత నడక. కొలిచిన గిన్నె ఓట్స్, ఒక గుడ్డు, అయిదున్నరకి గ్రౌండు. తిరగేస్తే లావెక్కుతారు. నా మీదే ప్రయోగం చేశాను."

"మరి నేను చెప్పింది?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మీది తప్పని ప్యాంటే చెబుతోంది కదండీ!"

తెలుగు మేడమ్ మర్నాడే మొదలుపెట్టింది. సైన్సు సారు, గుమస్తా, ఆఖరికి ప్రిన్సిపాల్ మేడమ్ కూడా తెల్లారేసరికి గ్రౌండులో తేలారు. మాస్టారు మధ్యలో నిలబడి వాళ్ళ అడుగులు లెక్కపెట్టేవారు. లెక్కపెట్టే మనిషి నడిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ఆయన నడక మానేశారు. అరటిపళ్ళు మానలేదు. మధ్యమధ్య ప్యాంటు బిగిసినా, ఆ రోజు గుడ్డు తినడం ఆలస్యమైందని సరిపెట్టుకునేవారు.

నెలాఖరున తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. "ఆరోగ్యం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి మాస్టారూ" అంది ప్రిన్సిపాల్ మేడమ్. ఇంటిల్లిపాదీ ముందు వరసలో కూర్చున్నారు. ఆ పొద్దున్న ఆయన నియమం తప్పకుండా తినే వచ్చారు. అయినా ప్యాంటు ఊపిరాడనివ్వడం లేదు. స్టేజీ ఎక్కుతున్నాడు కదా, నీటుగా ఉండాలని వాళ్ళమ్మ హుక్కు బాగా లోపలికి జరిపిందని ఆయనకేం తెలుసు? సూత్రం మీద మొదటిసారి అనుమానం వచ్చింది. కానీ మైకు చేతికొచ్చేసింది.

"చూడండి, ఇప్పుడు నేను వంగి కాలివేళ్ళు అందుకోగలను" అని మాస్టారు అందరికీ కనబడేలా పక్కకి తిరిగి వంగారు.

పర్ర్‌మని హాలంతా వినిపించింది.

"అయ్యో! ఇంక విప్పడానికి లోపల బట్ట కూడా లేదే!" అని భార్య లేచి నిలబడింది.

"విప్పడమేంటమ్మాయ్? నేను రోజూ బిగిస్తుంటేను!" అని అత్తగారు లేచింది.

"మీరు బిగిస్తున్నారా అత్తయ్యా? నేనింకా ఈయనే ఉబ్బుతున్నారనుకున్నాను!"

"నువ్వు విప్పుతున్నావా? నేను పిల్లాడు అరిగిపోతున్నాడని పాలు పోస్తున్నానే తల్లీ!"

మైకు మాస్టారి చేతిలోనే ఉండిపోవడం వల్ల, ముందు వరస మాటలు వెనక వరసకు కూడా స్పష్టంగా చేరాయి. ఆయన గోడకు వీపు ఆనించి, పక్కపక్కకే అడుగులు వేస్తూ స్టేజీ దిగారు.

మర్నాడు భార్య చీర అంచు బట్ట వేసి అతుకు వేసిన ప్యాంటుతో ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. లోపల స్టాఫంతా ఉన్నారు. దులిపేయడానికే చేరారనుకుని ఆయన ముందుగానే అనేశారు.

"తప్పయిపోయింది మేడమ్. నా సూత్రం ఉత్తదే. రెండో తరగతి నాకిచ్చేయండి."

"ఆగండి మాస్టారూ" అంది ప్రిన్సిపాల్ మేడమ్. "నిన్న అందరం బరువు చూసుకున్నాం. నేను మూడు కిలోలు తగ్గాను. తెలుగు మేడమ్ రెండున్నర. గుమస్తా నాలుగు."

"నేను కూడా రెండు" అన్నాడు డ్రిల్లు మాస్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మాస్టారికి తల తిరిగింది. "అదెలా? ప్యాంటు చిరిగాక నిన్న నేనూ మిషన్ ఎక్కాను. నేనొక్కణ్ణే కిలోన్నర పెరిగాను!"

"మేం రోజూ తెల్లారకుండానే లేచాం, కొలుచుకుని తిన్నాం, గంట నడిచాం. మీరు మమ్మల్ని లెక్కపెట్టారు" అందామె. "పదో తరగతి మీదే. రేపట్నుంచి మీరు నడవండి, అడుగులు నేను లెక్కపెడతాను. దారి తప్పయితేనేం మాస్టారూ, జవాబు కరెక్టుగా వచ్చింది కదా!"

ఇరవై ఎనిమిదేళ్ళుగా అలాంటి జవాబులకు ఆయన సున్నాలు వేస్తూ వచ్చారు.