ఆదెమ్మకు రాసిన పలకరింపు

ఆ ఉదయం జక్రయ్య పెట్టుకున్న పని ఒక్కటే. రైతులకు ధరలు వెళ్ళేలోగా భార్యకు ఒక మాట పంపాలి. పచ్చడి కోసం ఆదెమ్మ ఏరి పెట్టుకున్న మిరపకాయలను, మంచి ధర పలికిందని అతను అమ్మేశాడు. ఆమె మారుమాట లేకుండా మార్టూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. అతని ఫోన్ ఎత్తడం లేదు. ఇల్లు నడవడం లేదన్నది అతను పైకి చెప్పే లెక్క. ఆమె లేనిదే తోచడం లేదన్నది అసలు లెక్క.

చిలకలూరిపేటలోని అతని మిర్చి కొట్టుకు కూతురు క్రిస్టీనా వెబ్‌సైట్ రాసిపెట్టింది. ధరలూ తూకాలూ రైతుల ఫోన్లకు అదే పంపుతుంది. బాగోగులు అడగకుండా బేరం మొదలుపెట్టడం జక్రయ్యకు అలవాటు లేదు. అందుకని ప్రతి మెసేజ్ పైనా "అన్నం తిన్నారా?" అని వచ్చేలా చేసింది.

సైట్‌లో 'పలకరింపు' అని ఒక గడి ఉంది. జక్రయ్య ఆదెమ్మ నంబరు ఎంచుకుని, ఆ గడిలో "తప్పు నాదే ఆదెమ్మా. నువ్వు లేక ముద్ద దిగడం లేదు. వచ్చెయ్" అని రాసి పంపాడు. మనసు తేలికై టీ తాగడానికి వెళ్ళాడు.

టీ సగంలో ఉండగా పాత రైతు ఇమాం హుస్సేన్ ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు లేక ముద్ద దిగడం లేదు, రంగు పోయిన తాలు కాయలు తేవద్దు అని వచ్చింది. మా ఇంటిది సిద్దికా, ఆదెమ్మ ఎవరంటోంది."

"మా ఆవిడరా."

"అదే చెప్పా. మీ ఆవిడకి రాసింది నా ఫోన్లో ఎందుకుందంటోంది."

ఆ వెంటనే ఇంకో రైతు చైతన్యకృష్ణ.

"తప్పు మీదేనని ఒప్పుకున్నారు, సంతోషమండి. మరి మొన్న తేమ ఉందని నా తూకంలో తీసిన తరుగు సంగతేంటి?"

జక్రయ్య టీ వదిలేసి కొట్టుకు పరుగెత్తాడు. క్రిస్టీనా సైట్ ఆపేసి తల పట్టుకుంది.

"అది డెకొరేటర్ అనే కోడ్ ముక్క నాన్నా. ధర చెప్పే ఫంక్షనైనా, తూకం చెప్పే ఫంక్షనైనా లోపలి పని ముట్టుకోదు. పంపేముందు పైన పలకరింపు తొడుగుతుంది."

"తొడిగితే తొడిగింది. మీ అమ్మకి రాసింది అందరికీ ఎందుకు తొడిగింది?"

"పలకరింపు ఉండే వేరియబుల్‌ని ఫంక్షన్ బయట పెట్టా. లోపలుంటే ఆ ఒక్క మెసేజ్‌తో దాని పని అయిపోయేది. బయటుంది కాబట్టి నువ్వు మార్చగానే, తర్వాత వెళ్ళినవన్నీ దాన్నే తీసుకున్నాయి."

"గదిలో పెట్టాల్సిన నీళ్ళ కుండని అరుగు మీద పెట్టావన్నమాట. వచ్చినవాడల్లా ముంచుకున్నాడు."

"అంతే నాన్నా. తప్పు నాదే."

"ఆ మాట ఇవాళ నువ్వు కూడా అనకు."

బండి తీసి అతను మార్టూరు వెళ్ళాడు. బస్టాండులో బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆదెమ్మ కూర్చుని ఉంది.

"ఇక్కడున్నావేంటి?"

"తిన్నారో లేదోనని పొద్దున్నే బస్సెక్కా. బస్సు కదిలేలోగా మీ మెసేజ్ వచ్చింది. తప్పు మీదని తేలాక నా అంతట నేను రావడమేంటని దిగిపోయా."

జక్రయ్య బండి తాళం జేబులో వేసుకున్నాడు.

"ఇమాం హుస్సేన్ ఫోన్ చేసి వచ్చెయ్ వదినా అని బతిమాలాడు. ఊరందరికీ చెప్పారంట కదా," అంది ఆదెమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ. "ఇప్పుడు నా ఒక్కదానికే చెప్పండి."

జక్రయ్య కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పేలోగా మూడు బస్సులు వెళ్ళిపోయాయి. టోకు కన్నా చిల్లర కష్టమని వ్యాపారికి ఆ రోజే తెలిసింది.